పాడి – పాలు – సొమ్ము: పశ్చిమ కృష్ణా మెట్ట ప్రాంతంలో పాడి ఆర్థికం, దాని పదజాలం

వ్యాస సంగ్రహం:

భారతదేశ వ్యవసాయ, అనుబంధ రంగాల విలువ జోడింపులో పశుపోషణ వాటా 2014–15 తరువాత పెరిగింది. ఈ పెరుగుదలను గణాంకాలు లీటర్లలోనూ కోట్ల రూపాయలలోనూ చూపుతాయి. అయితే ఆ పాలు పొదుగు నుండి చెంబులోకి రావడానికి అవసరమైన నైపుణ్యం ఈ లెక్కల్లో విడిగా కనిపించదు. నందిగామ, జగ్గయ్యపేట పరిసరాల మెట్ట గ్రామాలను దృష్టిలో ఉంచుకొని, పాడికి సంబంధించిన తెలుగు పదజాలాన్ని ఆర్థిక జ్ఞానానికి ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. శాసనాలు, స్థానిక జానపద కథ, వృత్తి పదాలు, పాలకేంద్రం ధర నిర్ణయ పద్ధతి, జాతీయ ఆదాయ గణన అనే ఐదు అంశాల మీదుగా చర్చ సాగుతుంది.

కీలక పదాలు: పాడి, సొమ్ము, చేపు, వెన్న శాతం, మెట్ట వ్యవసాయం, స్త్రీ శ్రమ, జాతీయ ఆదాయం.

1. ప్రవేశిక

తెలుగులో వ్యవసాయ సమృద్ధిని చెప్పే మాట ‘పాడిపంటలు’. ఈ జంటపదంలో పాడి ముందుంది, పంట తరువాత వచ్చింది. ఆధునిక ప్రభుత్వ పరిభాషలో ఈ వరుస తారుమారైంది. అక్కడ వ్యవసాయం ప్రధాన రంగం, పశుపోషణ ‘అనుబంధ రంగం’. 2014–15లో వ్యవసాయ, అనుబంధ రంగాల స్థూల విలువ జోడింపులో పశుపోషణ వాటా సుమారు 24 శాతం. 2022–23 నాటికి అది 30 శాతాన్ని దాటింది. దేశం మొత్తం స్థూల విలువ జోడింపులో ఈ రంగం వాటా ఐదు శాతం పైమాటే. దేశంలో ఎనిమిది కోట్ల మందికి పైగా రైతులు పాడితో నేరుగా జీవనోపాధి పొందుతున్నారని ప్రభుత్వ ప్రకటనలు చెబుతున్నాయి. ఇంత పెద్ద రంగాన్ని ‘అనుబంధం’ అనే మాట సరిగా సూచించగలదా అనే ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది.

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడంలో భాషాధ్యయనం కొంత సాయం చేయగలదు. ఒక వృత్తిలో ఏ అంశానికి ఎన్ని పదాలున్నాయో గమనిస్తే, ఆ వృత్తిలోని వారు ఏ విషయాన్ని ముఖ్యంగా భావించారో తెలుస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు కేటాయించబడింది. వృత్తి పదాలను విద్యావిషయంగా స్వీకరించే దారిని అది వేసింది. పాడి పదాలను ఆర్థిక దృష్టితో చదవడం ఆ దారిలోనిదే.

2. మెట్ట కృష్ణా: నేల, నీరు, పశువు

కృష్ణా జిల్లా అనగానే చాలామందికి డెల్టా గుర్తుకు వస్తుంది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో విజయవాడ వద్ద ఆనకట్ట కట్టడంతో డెల్టా భూములకు కాలువ నీరు అందింది. విజయవాడకు ఎగువన, హైదరాబాదు రహదారి వెంట ఉన్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు మాత్రం మెట్టగానే మిగిలాయి. మునేరు, వైరా, పాలేరు వంటి ఏరులు ఈ నేలమీదుగా ప్రవహించి కృష్ణలో చేరుతాయి. నాగార్జునసాగర్ నుండి 1967లో నీరు విడుదలైన తరువాత ఎడమ కాలువ ఈ వైపుకూ వచ్చింది. కాని ఈ గ్రామాలు కాలువ చివరి ఆయకట్టులో ఉన్నాయి. పైనున్న భూములకు నీరు చాలిన తరువాతనే చివరి భూములకు అందుతుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో చేరినా, వ్యవహారంలో దీనికి ‘మెట్ట కృష్ణా’గానే గుర్తింపు ఉంది.

నీటి మీద భరోసా లేని నేలలో రైతు కుటుంబం తన ఆదాయాన్ని ఒకే పంట మీద నిలపదు. నల్లరేగడిలో పండే పత్తి, మిరప ఏడాదికి ఒకసారి డబ్బు తెస్తాయి. ధర పడిపోయినా, తెగులు సోకినా ఆ ఒక్కసారీ దక్కదు. గేదె పాలు రోజూ రెండు పూటలా వస్తాయి. పాలకేంద్రం నుండి పది లేదా పదిహేను రోజులకొకసారి డబ్బు చేతికందుతుంది. పంట డబ్బు అప్పు తీర్చడానికి, పెళ్ళికి, పొలం పెట్టుబడికి పోతుంది. పాల డబ్బు ఉప్పుకూ పప్పుకూ, మందులకూ, బడి ఖర్చులకూ సరిపోతుంది. ఈ రెండు ఆదాయాల స్వభావం వేరు. పంట కుటుంబాన్ని పైకి తీయగలదు, కూల్చనూగలదు. పాడి కుటుంబాన్ని నిలబెడుతుంది.

జాతీయ స్థాయి సర్వేలోనూ ఈ ధోరణి కనిపిస్తుంది. జాతీయ నమూనా సర్వే ప్రకారం 2012–13లో సగటు వ్యవసాయ కుటుంబపు నెలసరి ఆదాయం 6,426 రూపాయలు. అందులో పశుపోషణ నుండి వచ్చినది 763 రూపాయలు, అంటే సుమారు 12 శాతం. 2018–19 నాటికి నెలసరి ఆదాయం 10,218 రూపాయలు కాగా, పశుపోషణ వాటా 1,582 రూపాయలకు, అంటే 15 శాతానికి పైగా పెరిగింది. అదే సర్వేలో పంటల మీద వచ్చిన ఆదాయం 3,798 రూపాయలు, కూలి ద్వారా వచ్చినది 4,063 రూపాయలు. సగటు రైతు కుటుంబం పంట కంటే కూలి మీద ఎక్కువ ఆధారపడిన కాలంలో పాడి వాటా పెరగడం గమనార్హం.

3. శాసనాల నుండి జానపద కథ వరకు: మూలధనంగా పశువు

పశువును మూలధనంగా భావించడం కొత్త విషయం కాదు. మధ్యయుగ ఆంధ్రదేశపు ఆలయ శాసనాలలో, ముఖ్యంగా ద్రాక్షారామం వంటి క్షేత్రాల శాసనాలలో, అఖండ దీపానికి పశువులను దానం చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. దాత కొన్ని ఆవులనో గొర్రెలనో ఆలయానికి సమర్పిస్తాడు. వాటిని ఒక బోయ స్వీకరించి మేపుతాడు. ప్రతిగా నిత్యం మానెడు నేయి దీపానికి పోయవలసిన బాధ్యత అతనిదీ అతని వంశానిదీ అవుతుంది. ఆర్థిక పరిభాషలో చెప్పాలంటే మంద ఇక్కడ అసలు, నేయి వడ్డీ. అసలు తరగకుండా చూడడం కాపరి నైపుణ్యం మీద ఆధారపడి ఉంది. శాసనం ఆ నైపుణ్యాన్ని వర్ణించకపోయినా, బాధ్యత వహించినవాని పేరును రాతిమీద నిలిపింది.

ఈ ప్రాంతపు జానపద సంప్రదాయంలోనూ పశువుకు ప్రధాన స్థానముంది. నందిగామ, జగ్గయ్యపేటలకు సమీపంలో మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ, గోపయ్యల ఆలయం వెలసింది. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం తిరుపతమ్మ భర్త గోపయ్య పశువులను మేతకోసం దూరపు అడవికి తోలుకొనిపోయి, అక్కడ పులి వాతపడతాడు. తిరుపతమ్మ అగ్నిప్రవేశం చేస్తుంది. ఈ కథను పాతివ్రత్య కథగా వివరించడం పరిపాటి. మెట్ట ఆర్థిక దృష్టితో చూస్తే ఇందులో మరొక పొర కనిపిస్తుంది. ఊళ్ళో మేత చాలనప్పుడు మందను కాపాడుకోవడానికి మనిషి ప్రాణాపాయానికి సైతం సిద్ధపడడం ఈ కథకు కీలకం. మంద పోతే కుటుంబ మూలధనమే పోతుంది. మేత సమస్య ఈ నేలలో ఎంత పాతదో ఈ కథ సూచిస్తుంది.

4. పాడి పదజాలంలో ఆర్థిక జ్ఞానం

4.1 సొమ్ము, పాలు, పాడి

‘సొమ్ము’ అంటే ధనం, ఆస్తి, ఆభరణం. ఉత్తరాంధ్ర వ్యవహారంలో ‘సొమ్ములు’ అంటే పశువులు. సంస్కృతంలోని ‘గోధనం’లోనూ, పశువును సూచించే ‘పెకుస్’ నుండి డబ్బును సూచించే ‘పెకూనియా’ పుట్టిన లాటిన్‌లోనూ ఇదే భావన కనిపిస్తుంది. ‘పాలు’ అనే మాటకు క్షీరమనీ, భాగమనీ రెండర్థాలున్నాయి. ‘పాడి’కి పాల సమృద్ధి అనీ, న్యాయమనీ రెండర్థాలున్నాయి. ఈ అర్థాల జంటలకు వ్యుత్పత్తి ఒక్కటేనని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. కాని పాడి చర్చలో ఈ నాలుగు అర్థాలూ అవసరమవుతాయి. పాలు ఎన్ని అన్న ప్రశ్న వెంట ఎవరి పాలు ఎంత, అది పాడియేనా అన్న ప్రశ్నలు తప్పక వస్తాయి.

పశువును పాలుకు ఇచ్చే ఆచారం ఇందుకు చక్కని ఉదాహరణ. పెట్టుబడి ఉన్నవారు పెయ్యను కొని, లేనివారికి మేపడానికి ఇస్తారు. అది ఎదిగి ఈనిన తరువాత దాని విలువనో, పుట్టిన దూడలనో ఒప్పందం ప్రకారం పంచుకుంటారు. ఒకరి ధనం, మరొకరి శ్రమ కలిసి సొమ్ము అవుతుంది. ఇక్కడ శ్రమకు ‘పాలు’ ఉన్నట్లు ఇరువర్గాలూ అంగీకరిస్తాయి.

4.2 ఈత నుండి ఈత వరకు

పాడి గేదె జీవితచక్రంలోని ప్రతి దశకూ తెలుగులో ప్రత్యేక పదముంది. పెయ్య, పడ్డ, తొలిచూలు, మలిచూలు, చూడి గేదె, పాడి గేదె, వట్టిపోయిన గేదె అనేవి కేవలం వర్ణనలు కావు, ఒక్కొక్కటి ఒక్కొక్క ధరను సూచిస్తుంది. గేదె సుమారు పది నెలల పది రోజులు చూలు మోస్తుంది. ఈనిన తరువాత సకాలంలో ఎదకు వచ్చి చూడి కట్టకపోతే వట్టిపోయే కాలం పెరుగుతుంది. ఆ కాలంలో మేత ఖర్చు ఉంటుంది, పాల రాబడి ఉండదు. గేదెలలో, ముఖ్యంగా వేసవిలో, ఎద లక్షణాలు స్పష్టంగా బయటపడవు. దీనిని ‘మూగ ఎద’ అంటారు. అరుపు లేకపోయినా తీగలు వేయడం, పాలు తగ్గడం, మేత మీద ఆసక్తి పోవడం వంటి చిన్న గుర్తులను రోజూ దగ్గర ఉండి చూసేవారే పసిగట్టగలరు. ఒక ఎద తప్పితే దాదాపు మూడు వారాలు వృథా అవుతాయి.

పశువుల బేరంలో నమ్మకానికి ఎంత విలువ ఉందో ‘నీళ్ళలో గేదెను పెట్టి బేరమాడినట్లు’ అనే సామెత చెబుతుంది. నీటిలో ఉన్న గేదె కొమ్ములు, తల మాత్రమే కనిపిస్తాయి. పొదుగు, కాళ్ళు కనిపించవు. అమ్మేవానికి తెలిసినది కొనేవానికి తెలియని స్థితిలో సంత ఎలా దెబ్బతింటుందో 1970లో జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకొని వివరించాడు. గ్రామీణ వ్యవహారంలో ఆ ఇబ్బందికి ఒక సామెత ముందే ఉంది.

4.3 చేపు

పాడి పదాలన్నింటిలో ఆర్థికంగా అత్యంత ముఖ్యమైనది ‘చేపు’. పాలు పొదుగులో ఉన్నంత మాత్రాన ధారగా రావు. దూడ నోరు తగిలినప్పుడో, అలవాటైన చేయి పొదుగును తాకినప్పుడో గేదె చేపుకు వస్తుంది. శరీరశాస్త్రం దీనిని ఆక్సిటోసిన్ అనే హార్మోను పనిగా వివరిస్తుంది. బెదిరినా, చేయి మారినా, దూడ చనిపోయినా గేదె చేపదు. పాలను పైకి బిగబట్టడాన్ని ‘ఎగచేపు’ అంటారు. హార్మోను ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది కాబట్టి ఆ వ్యవధిలోనే పాలు పూర్తిగా తీయాలి.

చాలా ఇళ్ళలో ఈ పని స్త్రీలది. కుడితి పెట్టడం, తవుడు కలపడం, దూడను వదలడం, పట్టడం, పొదుగు కడగడం, పాలు పిండడం ఒకే వ్యక్తి చేతి మీదుగా సాగుతాయి. ఆ వ్యక్తి ఊరికి వెళితే పాలు తగ్గడం ప్రతి పాడి కుటుంబానికీ అనుభవమే. ఈ నైపుణ్యానికి బదులుగా కొన్నిచోట్ల ఆక్సిటోసిన్ సూదిమందును దుర్వినియోగం చేయడం, చేపుకు ఎంత ఆర్థిక విలువ ఉందో వ్యతిరేక దిశలో నిరూపిస్తుంది.

5. పాలకేంద్రం: వెన్న శాతం, ధర

1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో మొదలైన సహకార పాల ఉద్యమం, 1965లో ఏర్పడిన జాతీయ పాడి అభివృద్ధి మండలి, 1970 నుండి 1996 వరకు సాగిన క్షీర విప్లవం గ్రామీణ పాలను పట్టణ మార్కెట్టుతో కలిపాయి. 1950–51లో దేశ పాల ఉత్పత్తి 1.7 కోట్ల టన్నులు. 2023–24 నాటికి అది 23.9 కోట్ల టన్నులకు చేరింది. 2022–23లో దేశ ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ వాటా 6.70 శాతం, స్థానం ఐదవది. ఆంధ్ర ప్రాంతంలో 1960ల దశకంలో యునిసెఫ్ సహాయంతో విజయవాడలో పాలపొడి కర్మాగారం రూపుదిద్దుకుంది. 1974లో రాష్ట్ర పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తరువాత కృష్ణా జిల్లా పాల ఉత్పత్తిదారుల సమితి ఆ చట్టం పరిధిలో పనిచేస్తోంది.

పాలకేంద్రంలో పాలకు ధర కట్టేది కొలతను మాత్రమే బట్టి కాదు, వెన్న శాతాన్ని, వెన్న కాని ఘనపదార్థాల శాతాన్ని బట్టి కూడా. కోస్తా జిల్లాలలో గ్రేడెడ్ ముర్రా గేదెలకు ప్రాధాన్యం పెరగడానికి ఇది ఒక ప్రధాన కారణం. ఆవు పాల కంటే గేదె పాలలో వెన్న ఎక్కువ. వివరణ కోసం ఒక ఊహాత్మక లెక్క తీసుకోవచ్చు. కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున చెల్లిస్తే, 7 శాతం వెన్న ఉన్న పాలకు కిలోకు 56 రూపాయలు, 6 శాతం ఉన్న పాలకు 48 రూపాయలు వస్తాయి. రోజుకు ఆరు కిలోల పాలు పోసే కుటుంబానికి ఈ ఒక్క శాతం తేడా రోజుకు 48 రూపాయలు, నెలకు 1,440 రూపాయలు.

ఈ ఒక్క శాతం ఎక్కడ నుండి వస్తుందనేది ఇక్కడి అసలు ప్రశ్న. జాతి, ఈనిన తరువాత గడిచిన నెలలు, మేతలోని పీచు దీనికి కారణాలు. వీటితో పాటు పాలు పిండే తీరు కూడా ఒక కారణం. ధారలో మొదట వచ్చే పాలు పలుచన, చివరి పాలు చిక్కన. గేదె సరిగా చేపకపోతే పొదుగులో మిగిలిపోయేది వెన్న ఎక్కువగా ఉన్న ఆ చివరి పాలే. కాబట్టి పాలకేంద్రంలోని యంత్రం కొలిచే వెన్న శాతంలో గేదె జాతితో పాటు పిండిన చేతి నైపుణ్యం కూడా ఇమిడి ఉంది. యంత్రం ఫలితాన్ని నమోదు చేస్తుంది, కారణాన్ని చేయదు.

6. జాతీయ లెక్కల్లో పాడి శ్రమ

జాతీయ ఆదాయ గణనలో పాడి కనిపించదని చెప్పడం సరికాదు. అమ్మిన పాలతో పాటు ఇంట్లో వాడుకున్న పాలకు కూడా విలువ కడతారు. పేడకూ లెక్క ఉంది. ఉత్పత్తి విలువ నుండి దాణా, మేత వంటి ఖర్చులు తీసివేయగా మిగిలినది విలువ జోడింపు. కుటుంబ సభ్యుల శ్రమకు వేతనం లేదు కాబట్టి ఆ ప్రతిఫలం ‘మిశ్రమ ఆదాయం’లో కలిసిపోతుంది. అంటే శ్రమ ఫలితం దేశ ఆదాయంలో చేరుతుంది, శ్రమించిన వ్యక్తి విడిగా కనిపించదు.

ఉపాధి సర్వేలో ఈ సమస్య మరింత స్పష్టమవుతుంది. కార్మిక శక్తి సర్వేలో 93వ సంకేతం ఇంటిపనులు చేస్తూ, ఇంటి అవసరాలకు కట్టెలు, కూరగాయలు, పశువుల మేత వంటివి ఉచితంగా సేకరించే వారికి వర్తిస్తుంది. ఈ సంకేతం కింద నమోదైనవారు కార్మిక శక్తిలోకి రారు. గట్ల వెంట గడ్డి కోసి మోపు మోసుకొని వచ్చే స్త్రీని ప్రశ్నించే తీరును బట్టి ఆమె ‘కుటుంబ వృత్తిలో సహాయకురాలు’ కావచ్చు, లేదా పనిచేయని వ్యక్తిగా మిగలవచ్చు. ‘ఏం పని చేస్తావు’ అని అడిగితే ‘ఇంట్లోనే ఉంటాను’ అని జవాబిచ్చే స్త్రీలు పాడి గ్రామాలలో తక్కువేమీ కాదు. తన పనిని పనిగా చెప్పుకోవడానికి ఆమెకు మాటలు లేక కాదు. చేపు, ఎగచేపు, మూగ ఎద అనే మాటలు ఆమె నిత్యం వాడేవే. ప్రశ్నావళిలో ఆ మాటలకు చోటు లేదు.

మేత విషయంలోనూ ఇదే పరిస్థితి. మెట్టలో జొన్న వేసిన కాలంలో గింజతో పాటు చొప్ప దక్కేది. పిల్లిపెసర, జనుము వంటివి మేతకు ఆదుకొనేవి. పత్తికట్టె, మిరపకట్టె పశువు మేతకు పనికిరావు. పంట మారినప్పుడు రైతు రాబడి లెక్కలో వచ్చిన మార్పు కనిపించింది. మేత కొనవలసి రావడం, లేదా దూరం నడిచి కోసుకొని రావలసి రావడం ఇంటి శ్రమకు అదనమైంది. వరికోత యంత్రాలు వచ్చిన తరువాత గడ్డిని సేకరించి వాము వేయడం మరొక ఖర్చు అయింది. గోపయ్య కథలోని మేత సమస్య ఇప్పుడు అడవి నుండి చేను గట్టుకు మారింది.

ఈ స్థితికి మార్గాంతరాలు తెలుగు నేలమీదనే ఉన్నాయి. తెలంగాణలోని ముల్కనూరులో 2000 తరువాత రూపుదిద్దుకున్న మహిళా పాడి సహకార సమితిలోనూ, చిత్తూరు ప్రాంతంలో 2014లో ఏర్పడిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీలోనూ సభ్యత్వం స్త్రీలదే. అక్కడ పాల పుస్తకంలో పేరు, బ్యాంకు ఖాతా, ఓటు పాలు పోసిన స్త్రీకే చెందుతాయి. 2018–19లో కిసాన్ క్రెడిట్ కార్డును పశుపోషణకు విస్తరించడం వల్ల భూమి పత్రం లేనివారికీ రుణానికి అవకాశం ఏర్పడింది. పాలు పోసే పుస్తకంలో ఎవరి పేరు ఉందన్నది ఇటువంటి రుణం, బీమా అందడంలో నిర్ణాయకం కాగలదు.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. మెట్ట కృష్ణా ప్రాంతంలో పాడి పంటకు అనుబంధం మాత్రమే కాదు. అనిశ్చితమైన పంట ఆదాయాన్ని తట్టుకొని నిలవడానికి కుటుంబానికి ఆధారం.

2. శాసనకాలం నుండి తెలుగు సమాజం పశువును మూలధనంగా, పాడిని దాని రాబడిగా గుర్తించింది. ‘సొమ్ము’ అనే పదం ఇందుకు సాక్ష్యం.

3. చేపు, మూగ ఎద, వట్టిపోవడం వంటి పదాలు ఉత్పత్తిని నిర్ణయించే అంశాలను సూక్ష్మంగా గుర్తించిన వృత్తి జ్ఞానానికి నిదర్శనాలు.

4. వెన్న శాతం ఆధారంగా ధర కట్టే పద్ధతిలో పాలు పిండే నైపుణ్యానికి నేరుగా డబ్బు విలువ ఉంది. అయితే ఆ విలువ నైపుణ్యం కలవారి పేర నమోదు కావడం లేదు.

5. పాడి పదాలను ప్రాంతాలవారీగా సేకరించి, వాటిని ఉపాధి సర్వేల ప్రశ్నావళుల తయారీలో వినియోగిస్తే స్త్రీల పాడి శ్రమ మరింత సరిగా లెక్కకు వస్తుంది. తెలుగు శాఖలు, ఆర్థికశాస్త్ర శాఖలు, గన్నవరంలోని పశువైద్య కళాశాల వంటి సంస్థలు కలిసి చేయదగిన పని ఇది.

అఖండ దీపానికి నేయి పోసే బాధ్యత తీసుకున్న కాపరి పేరు వందల ఏళ్ళ తరువాత కూడా రాతిమీద చదవగలుగుతున్నాం. ఈనాటి పాలకేంద్రం పుస్తకంలో లీటర్లు, వెన్న శాతం, రూపాయలు తేదీలవారీగా ఉన్నాయి. ఆ పాలను చేపి పిండిన వ్యక్తి పేరు కూడా ఆ వరుసలో చేరినప్పుడే జాతీయ ఆర్థిక వ్యవస్థలో పాడి స్థానం గురించిన లెక్క సమగ్రమవుతుంది.